కిలో ఎంతో ముందు చెప్పండి

ఈమధ్య ఏ సూపర్‌మార్కెట్ బిల్లు తీసినా అడుగున ఒక లెక్క అచ్చేసి ఉంటోంది, ఈ సరుకుల మీద మీకు ఇంత మిగిలింది అని. జనం ముందు ఆ అంకే చూస్తున్నారు. ఇంటికొచ్చి "ఈ నెల ఆరొందలు కలిసొచ్చాయి" అని సంతోషపడుతున్నారు. ఏ ధరతో పోలిస్తే కలిసొచ్చాయి, ఆ ధర వేసిందెవరు అంటే చెప్పేవాళ్లు లేరు. పోనీ కందిపప్పు కిలో ఎంత పడిందో చెప్పమనండి. లక్షల్లో జీతాలు తెచ్చుకునేవాళ్లు కూడా ఫోను తీసి వెతుక్కుంటారు. మా రోజుల్లో బజారు నుంచి వచ్చినవాణ్ణి సంచి కింద పెట్టకముందే అడిగేవాళ్లు, ఏది ఎంత పలికిందని. ధర తెలియకుండా సరుకు గడప దాటేది కాదు.

మాది బెజవాడ. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో నెల సరుకులు తెచ్చుకున్న ఇళ్లు మావి. కొట్లో బస్తాలు మూతులు మడిచి వరసగా నిలబెట్టి ఉండేవి. కందిపప్పు నాలుగు రకాలుంటే నాలుగూ కళ్లముందే. గుప్పెట్లోకి తీసుకుని చూసేవాళ్లం. పంటికింద ఒక బద్ద నొక్కి తేమ ఉందో లేదో తేల్చుకునేవాళ్లం. బియ్యమైతే అరచేతిలో పోసుకుని నూక ఎంత, పాతవా కొత్తవా అని చూసి, ఆ తర్వాతే ధర సంగతి. "శెట్టిగారూ, ఈ రకం కిలో ఎంత? ఆ పక్కదెంత?" ఆయన రెండు అంకెలు చెప్పేవాడు. రెంటికీ మధ్య పావలా తేడా ఉంటే, ఆ పావలాకు తగ్గ తేడా సరుకులో ఉందా అన్నది మా అమ్మ తేల్చేది. కాటా ఎదురుగానే ఉండేది, రాళ్లూ కనిపించేవి. తూకమయ్యాక కొసరు వేయకపోతే అడిగి వేయించుకునేవాళ్లం.

మెట్రిక్ తూకాలు 1958 తర్వాత దశలవారీగా వచ్చాయి. కిలోలు వచ్చాక కూడా చాలా ఏళ్లు మా అమ్మ బియ్యాన్ని మానికల్లోనూ నూనెను సోలల్లో, గిద్దల్లోనూ లెక్కేసుకునేది. కొట్టువాడు కిలోకి చెప్పిన ధరను మనసులోనే వీశకి మార్చుకుని, పోయిన నెలకీ ఈ నెలకీ ఎంత పెరిగిందో అక్కడికక్కడే చెప్పేది. ఆవిడ చదివింది అయిదో తరగతి. కొలతలు మారినా ధర ఆవిడ లెక్కలోంచి జారిపోలేదు. ఇంత సరుక్కి ఎంత అన్న ఒక్క ప్రశ్నే ఆవిడ పట్టుకుని కూర్చునేది.

ఆ ప్రశ్నకి సూటిగా జవాబు దొరక్కుండా చేస్తున్నారన్నదే నా గొడవంతా.

ఎమ్మార్పీ సంగతే తీసుకోండి. ఒకప్పుడు ప్యాకెట్ల మీద ధర వేసి, పక్కనే స్థానిక పన్నులు అదనం అని రాసేవాళ్లు. పన్ను పేరు చెప్పి కొట్టువాళ్లు ఇష్టమొచ్చినంత కలిపేవాళ్లు. దాన్ని ఆపడానికే తొంభైల్లో అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర ముద్రించి తీరాలన్న నియమం వచ్చింది. చాలా మంచి నియమం. ఇంతకు మించి అడగకూడదని కొనేవాడికి రక్షణగా పెట్టిన అంకె అది. ఇవాళ అదే అంకెను రాయితీని పొడుగ్గా చూపించే ఎత్తుపీటగా వాడుతున్నారు. సబ్బూ టూత్‌పేస్టూ అయితే ఫరవాలేదు. కంపెనీ వేసిన ఎమ్మార్పీ అన్ని కొట్లలోనూ ఒకటే కాబట్టి, ఎవరు పది రూపాయలు తగ్గించారో ఎవరు రెండు తగ్గించారో తెలిసిపోతుంది. పప్పు, మినపగుళ్లు, రవ్వ, చింతపండు అలా కాదు. చాలా సూపర్‌మార్కెట్లు వీటిని తమ సొంత పేరుతోనే ప్యాక్ చేయించి అమ్ముతున్నాయి. ప్యాకెట్ వాళ్లదే, ఎమ్మార్పీ వాళ్లు వేసిందే, తగ్గింపూ వాళ్లు ఇచ్చిందే. కిలో పప్పు మీద 220 అని ముద్రించి 150కి ఇచ్చారనుకుందాం. బిల్లులో 70 రూపాయలు మిగులు కింద పడుతుంది. అదే రకం పప్పు పక్క కొట్లో విడిగా 145కి దొరికితే, ఆ కొట్లో మిగులు లెక్క చూపించే బిల్లే ఉండదు. అయిదు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నవాడు తానే లాభపడ్డానని నమ్ముతున్నాడు. దీన్ని చూస్తే నాకు కడుపు మండుతుంది.

అలాగని చవక దుకాణాలు చవక కాదనను. ఆ మాట అబద్ధమవుతుంది. డీమార్ట్‌నే చూడండి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పొవాయ్‌లో మొదటి దుకాణం పెట్టారు. ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో పట్టణం పట్టణానా ఉంది. వాళ్లు చాలావరకు సొంత భవనాల్లోనే వ్యాపారం చేస్తారు కాబట్టి అద్దె బరువు తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు త్వరగా చెల్లించి, దానికి బదులుగా ధర తగ్గించుకుంటారు. త్వరగా అమ్ముడుపోయే రకాలే పెడతారు. మా పాతకాలపు టోకు కొట్ల పద్ధతి కూడా ఇదే. రొక్కం చేతిలో పెట్టినవాడికి చవగ్గా ఇచ్చేవాళ్లు. ఇంటికి దగ్గర్లో ఏసీ వేసి, ఒక్కో సరుకులో పదేసి బ్రాండ్లు పేర్చి, కూరగాయలూ పళ్లూ పెట్టి, ఇంటికి కూడా పంపే మామూలు సూపర్‌మార్కెట్ ఆ ధరకి ఇవ్వలేదు. దాని అద్దె దానికుంది. నూనె, సబ్బులు, టీపొడి, పిండి లాంటి కంపెనీ సరుకుల్లో ఈ రెంటికీ నేను చూసిన తేడా నిజమైన తేడానే. నెల సరుకులకి అది లెక్కలోకి వస్తుంది.

తేడా మిగలాలంటే మాత్రం చీటీలో రాసుకున్నదే కొని బయటపడాలి. ఆ చవక పప్పు కోసం వెళ్లినవాళ్లు దారిలో ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు, పిల్లల బట్టలు, స్టీలు గిన్నెలు దాటుకుని రావాలి. డీమార్ట్ అమ్మకాల్లో నాలుగో వంతుకు దగ్గరగా ఇలాంటి వస్తువుల నుంచే వస్తుంది, లాభం ఎక్కువగా ఉండేదీ వాటిమీదే. మా కోడలు ఒకరోజు పప్పు మీద మిగిలిన డబ్బుకి మూడింతలు పెట్టి మాకు అక్కర్లేని బాక్సులు తెచ్చింది. "అమ్మాయ్, ఇవి చీటీలో ఉన్నాయా?" అంటే "ఆఫర్‌లో ఉన్నాయి మామయ్యగారూ" అంది. శెట్టిగారి కొట్లో చీటీ చదివి ఆయనే కట్టించేవాడు. చీటీలో లేనిది సంచిలో పడే అవకాశమే ఉండేది కాదు.

మామూలు సూపర్‌మార్కెట్ల ఆఫర్లది వేరే దారి. బిల్లు ఇన్ని వందలు దాటితే కిలో పంచదార రూపాయికే అంటారు. మా వీధి చివరున్న ఒక చైన్ స్టోర్‌లో నాకు అలాగే జరిగింది. అర మీద పెద్ద అక్షరాల్లో ఒక ధర, కౌంటర్ దగ్గర ఇంకో ధర. అడిగితే, ఆ ధర రావాలంటే ఇంకో రెండు వందల సరుకు కొనాలట, అది చీటీ మూలన ఆవగింజంత అక్షరాల్లో ఉందట. కౌంటర్‌లో ఉన్న కుర్రాణ్ణి ఏమనను? వాడు జీతగాడు. ఆ అక్షరాల పరిమాణం నిర్ణయించినవాళ్లు ఎక్కడో కూర్చుని ఉంటారు. సరుకు అక్కడే పెట్టేసి వచ్చాను.

ఇక ప్యాకెట్ బరువుల గొడవ. ఒకప్పుడు చట్టమే చెప్పేది, నూనె అయితే 200 మిల్లీలీటర్లు, 500, లీటరు, ఇలా ఇన్ని కొలతల్లోనే అమ్మాలని. బిస్కెట్లకి, టీపొడికి, పిండికి కూడా అలాంటి కొలతలే ఉండేవి. 2021లో చేసిన సవరణతో ఆ జాబితా ఎత్తేశారు. ఎవరికి తోచిన బరువు వాళ్లు పెట్టుకోవచ్చు. అప్పటి నుంచి నూనె ప్యాకెట్లు చూస్తున్నారా? లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. ఇప్పుడు చూడ్డానికి అచ్చం లీటరు ప్యాకెట్‌లాగే ఉండి లోపల 850 గ్రాములు, ఇంకా తక్కువ ఉండేవి కూడా వస్తున్నాయి. ఒక చోట 910 గ్రాములది 150 రూపాయలు, ఇంకో చోట 850 గ్రాములది 142 అనుకోండి. చేత్తో పట్టుకుంటే రెండోది ఎనిమిది రూపాయలు చవక. కిలోకి లెక్కేస్తే మొదటిది దాదాపు 165, రెండోది 167. చవకది అనుకున్నదే ప్రియం. అక్కడ నిలబడి ట్రాలీ పట్టుకుని, వెనకాల జనం తోసుకుంటుంటే ఈ భాగహారం ఎవరు చేస్తారు?

బియ్యం బస్తాది మరీ విచిత్రం. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి పేరు వేసిన బియ్యం, పప్పు, పిండి మీద అయిదు శాతం జీఎస్టీ పెట్టారు, 25 కిలోల దాకా ఉన్న వాటికి. అంతే, మనవైపు 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చాయి. పన్ను తప్పించుకోవడానికి మిల్లులు పట్టుకున్న దారి అది, చట్టబద్ధమే. దానివల్ల బస్తా కొనగలిగినవాడికి పన్ను లేదు. అయిదు కిలోల సంచి కొనుక్కునే వాడికి పన్ను ఉంది. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 25 కిలోల బస్తా 1400, 26 కిలోలది 1430 అయితే మొదటిది కిలో 56, రెండోది 55. ముప్ఫై రూపాయలు ఎక్కువున్న బస్తానే చవక. సాంబమసూరి పాత బియ్యమా కాదా అన్నది మళ్లీ వేరే సంగతి. సంచి కుట్టి ఉంటుంది కాబట్టి వండుకుని తింటేగానీ తెలియదు.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకేనన్న నమ్మకమూ తప్పే. షాంపూ చూడండి. రెండు రూపాయల ప్యాకెట్లు ఒక దండ కొంటే, అంతే షాంపూ ఉన్న సీసా కంటే చాలాసార్లు తక్కువకి వస్తుంది. టీపొడిలో, బిస్కెట్లలో కూడా ఒక్కోసారి రెండు చిన్నవి కలిపి ఒక పెద్దదానికంటే తక్కువ పడతాయి. అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం ధర ఏళ్ల తరబడి అయిదు రూపాయలే, బిస్కెట్లు మాత్రం ఒక్కొక్కటీ మాయమవుతూ వచ్చాయి. ధర పెంచితే గొడవ చేసే జనం, బరువు తగ్గిస్తే నోరు మెదపరని కంపెనీలకి బాగా తెలుసు.

దీనికి ప్రభుత్వం ఒక మందు వేసింది. ప్యాకెట్ మీద యూనిట్‌కి ఎంత ధర అన్నది కూడా ముద్రించాలన్నారు. ఆ వార్త చదివి నిజంగా సంతోషించాను. తీరా ప్యాకెట్ తిప్పి చూస్తే ఏముంది? కిలోకి తక్కువున్న ప్యాకెట్ మీద గ్రాముకి ఇన్ని పైసలని, కిలో దాటిన దాని మీద కిలోకి ఇన్ని రూపాయలని. అర కిలో పప్పు మీద గ్రాము 0.19 రూపాయలు అని రాసి, రెండు కిలోల దాని మీద కిలో 180 అని రాస్తే సామాన్యుడు రెంటినీ ఎలా పోలుస్తాడు? పైగా ఆ లెక్క ఎమ్మార్పీ మీద కట్టింది, అమ్మే ధర మీద కాదు. చవక దుకాణంలో 150కి ఇస్తున్న పప్పు మీద కూడా 220 లెక్కే ఉంటుంది. రెండు దుకాణాల్లో ఏది చవకో తెలుసుకోవడానికి అది ఎందుకూ పనికిరాదు. అక్షరాల సంగతి సరేసరి. అద్దాలు పెట్టుకున్నా నాకు ఆనవు.

మా చెల్లెలి కొడుకు జర్మనీలో ఉంటాడు. అక్కడి ఆల్డి దుకాణంలో అర మీద అంటించిన ధర చీటీలు ఫోటో తీసి పంపమంటే పంపాడు. చవక దుకాణాలకి మూలపురుషుడు అదే. ఎసెన్ పట్టణంలో ఆల్బ్రెక్ట్ అన్నదమ్ములు వాళ్లమ్మ నడిపిన చిన్న కొట్టు నుంచి పెంచిన వ్యాపారం. అలంకారాలు లేకుండా, తక్కువ రకాలతో అమ్మే పద్ధతి వాళ్లది. ఆ చీటీ మీద అమ్మే ధర, దాని కిందే కిలోకి ఎంతో ఉన్నాయి. యూరప్‌లో 1998లోనే దానికి ఉమ్మడి నియమం తెచ్చారు, దుకాణంవాడు అమ్మే ధర మీద కిలో ధర చూపించాలని. మామూలు సూపర్‌మార్కెట్‌లోనూ అంతేనట. రెండు చోట్లా కిలో ధర చూసుకుని కొంటానని మావాడు చెప్పాడు. అక్కడికెళ్లి వాడు మా అమ్మ అడిగిన ప్రశ్నే అడుగుతున్నాడు, వాడికి జవాబు అర మీదే దొరుకుతోంది.

మనకి చేతకానిదేం కాదది. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు చేసి చూపించాం. మా పటమట రైతుబజార్‌కి ఇప్పటికీ పొద్దున్నే వెళ్తాను. ధరల బోర్డు మీద టమోటా కిలో ఇంత, బెండకాయ కిలో ఇంత, దొండకాయ ఇంత అని తెలుగులో, దూరానికి కనబడేలా రాసి ఉంటుంది. చదువురానివాళ్లు పక్కవాళ్లని అడిగి తెలుసుకుంటారు. అంతకంటే ఎక్కువ అడిగితే ఆ బోర్డే చూపించి నిలదీస్తారు. 2023 వేసవి తర్వాత టమోటా మండిపోయిన రోజుల్లో కూడా ఎంత మండుతోందో అందరికీ తెలిసింది. సూపర్‌మార్కెట్లో అదే టమోటాని అట్టపెట్టెలో అయిదొందల గ్రాములు పెట్టి పైన ప్లాస్టిక్ చుట్టి, అర కిలో ధరే పెద్దగా వేస్తారు. పక్కన ఉల్లిపాయలకి కిలో ధర. అదేం పద్ధతి?

పాత కొట్లలో మోసం లేదా అంటే ఉంది. కందిపప్పులో కేసరి పప్పు కలిపేవాళ్లున్నారు. రాయి అరిగిపోయిన తూకాలున్నాయి. బెల్లంలో మట్టి ఉండేది. అరువు రాసుకున్న పద్దులో ఒక అంకె ఎక్కువ వేసుకునే శెట్లూ ఉన్నారు. ప్యాకెట్ల వల్ల ఆ కల్తీ చాలా తగ్గిందని ఒప్పుకుంటాను. అయితే కొట్లో మోసం జరిగితే ఎవరు చేశారో తెలిసేది. మొహం మీదే అడిగేవాళ్లం. కొట్టు మార్చేవాళ్లం. ఊరంతా చెప్పేవాళ్లం. ఊళ్లో నిలబడి వ్యాపారం చేయాలి కాబట్టి వాడికీ భయముండేది.

అరువు సంగతి చవక దుకాణాలతో పోల్చేవాళ్లెవరూ తలచరు. నెల మొదట్లో రొక్కం ఉండి, బండి ఉండి, ఇంట్లో నిల్వకి చోటుండి, ఒక పూట ఖాళీ ఉన్నవాడికి ఆ చవక అందుతుంది. మా వీధిలో ఇళ్లలో పనిచేసుకునే అమ్మకి అవేమీ లేవు. ఆవిడ కూలి చేతికొచ్చిన సాయంత్రం వంద గ్రాముల నూనె, పావు కిలో పప్పు మూల కొట్లో కొంటుంది. డబ్బులు లేని రోజు పద్దులో రాయించుకుంటుంది. ఆవిడకి పడే కిలో ధర అందరికంటే ఎక్కువ. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చినప్పుడు రేషన్ కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్ల మొహాలు నేను చూశాను. కిలో ధర తెలిసి, అది తమకి అందుతుందని తెలిసి వచ్చినవాళ్లు వాళ్లు. ఇవాళ ఆ మూల కొట్టు కూడా మూతపడితే ఆవిడ ఎక్కడికి పోవాలి? పెద్ద దుకాణాలు శాశ్వతమా అంటే అదీ లేదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష చవక ధరలతోనే దేశమంతా అల్లుకుని, 2009కల్లా మూతపడింది. హైదరాబాదులో పుట్టిన త్రినేత్ర చేతులు మారి మోర్ అయింది. 2001లో వచ్చిన బిగ్ బజార్ బోర్డులు 2022లో దించేశారు. వాటి ధాటికి మూసుకున్న కొట్లు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

ఇంకొకటి, పంట కాలాన్ని బట్టి కొనడం మా ఇళ్లలో పోయింది. కొత్త కందులు సంక్రాంతి అటూ ఇటూ వస్తాయి, అప్పుడే ధర దిగుతుంది. చింతపండు శివరాత్రి దాటాక, మిరపకాయలు గుంటూరు యార్డుకి దండిగా వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో. అప్పుడు కొని ఎండబెట్టి, చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి జాడీలో పెడితే ఏడాదంతా ధరతో పనిలేదు. 2015లో కందిపప్పు కిలో రెండొందలు తాకినప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టింది. మా ఇంట్లో ఏడాదికి సరిపడా పప్పు డబ్బాల్లో ఉంది. వారం వారం మారే ఆఫర్లలో ఏదీ అంత మిగల్చలేదు. పది నిమిషాల్లో ఇంటికి పంపే యాప్‌లు వచ్చాక మా మనవడు ఉప్పు ప్యాకెట్ కూడా ఫోన్‌లో తెప్పిస్తున్నాడు. చేర్చినందుకు ఒక రుసుము, ప్యాక్ చేసినందుకు ఒక రుసుము. ఉప్పు కిలో ఎంత పడిందిరా అంటే, "తాతయ్యా, అవన్నీ కలిపా, కలపకుండానా?" అంటాడు. ఆ పిల్లాడిది తప్పు కాదు. వాడు కొనే చోట కిలో ధర రాసి ఉన్న బోర్డు ఎక్కడుందని?

తూనికలు కొలతల శాఖవారిని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్యాకెట్ చిన్నదైనా పెద్దదైనా, ధర కిలోకే రాయించండి, గ్రాముకి వద్దు. ఎమ్మార్పీ మీద కాకుండా ఆ రోజు అమ్ముతున్న ధర మీద లెక్క కట్టించండి. అది ప్యాకెట్ వెనక కాకుండా అర మీద చీటీలో, అమ్మే ధరంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. చవక దుకాణానికీ, మామూలు సూపర్‌మార్కెట్‌కీ, యాప్‌కీ ఒకటే నియమం పెట్టండి. ఎవరు చవకో అప్పుడు మేమే తేల్చుకుంటాం.